సుద్దముక్కతో నలభై నాలుగు

మా అన్నయ్య ఇరవై రెండేళ్ళు నౌకాదళంలో ఇంజనీరుగా పనిచేశాడు. సముద్రం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే "విన్నాను, చూడలేదు" అనేవాడు. మొదట్లో అందరూ నవ్వేవాళ్ళు. తను నవ్వేవాడు కాదు. ఇంజనుగది నీటిమట్టానికి కింద ఉంటుందట. నాలుగు గంటలు పని, ఎనిమిది గంటలు విరామం, ఆ విరామంలో నిద్ర. పైకెక్కి గాలి పీల్చుకుంటూ నిలబడేవాళ్ళు వేరే. అన్నయ్యకు తెలిసిన సముద్రమంతా, ఇనుపరేకుకు అవతల ఎవరో తడి గోనెసంచులు ఈడుస్తున్నట్టుండే చప్పుడు.

"ఇన్నేళ్ళూ ఓడలో ఏం చేశారండీ అంటే, చెయ్యి పెట్టి చూశానంటారు. ఆ మాత్రం నేనూ వంటింట్లో చూస్తూనే ఉన్నాను, నాకెవరూ టోపీ పెట్టి సెల్యూట్ కొట్టలేదు," అనేది మా వదిన.

చెయ్యి పెట్టి చూడడమన్నది నిజమే. ఓడ వెనక పంకాను తిప్పే పొడవాటి ఇరుసొకటి ఉంటుంది. ఇంజనుగది నుంచి ఓడ తోక దాకా ఒక సన్నటి సొరంగంలోంచి పోతుంది. మనిషి నడుం వంచి నడవాలి. ఆ ఇరుసును మోస్తూ దారి పొడుగునా ఆరు బేరింగులు. గంటకోసారి ఎవరో ఒకరు లోపలికి వెళ్ళి, ఒక్కొక్క బేరింగూ ఎంత వేడిగా ఉందో చూసి పుస్తకంలో రాయాలి. ప్రతిదానికీ ఇత్తడి గొట్టంలో థర్మామీటరు ఉండేదట కానీ, ఆ అదురుకు సగం పగిలిపోయేవి, మిగతా సగం అబద్ధాలు చెప్పేవి. అందుకని చెయ్యి. అరచెయ్యి కాదు, చేతి వెనకవైపు.

"అరచెయ్యి మొద్దుది. పని చేసీ చేసీ కాయలు కాసి ఉంటుంది," అనేవాడు అన్నయ్య. "వెనకవైపు చర్మం ఇంకా పసిపిల్లే. అయిదు లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే యాభై లోపు. రెండుకే లాగేసుకుంటే అరవై దాటినట్టు. మధ్యలో ఉన్నదంతా అలవాటు."

ఆ అలవాటు ముదిరి, డిగ్రీ అటూ ఇటూగా చెప్పేసేవాడు. ఓడలో తన పేరే థర్మామీటరు. ఉద్యోగం వదిలి వచ్చాక పన్నెండేళ్ళు ఒక ఆసుపత్రిలో, దుప్పట్లు ఉతికే విభాగానికి ఆవిరి పంపే బాయిలరు దగ్గర పనిచేశాడు. అక్కడా అదే పేరు. ఇంట్లో ఎవరి ఒళ్ళు వెచ్చబడినా అన్నయ్య వేళ్ళ వెనకవైపు నుదుటి మీద వాలేది. కూతురు పుట్టినప్పుడు రెండు నెలల సెలవు పెట్టి వచ్చాడు. రోజూ తొట్టిలో చెయ్యి ముంచి "ముప్ఫై ఏడు" అన్నాకే పిల్లకు నీళ్ళు పోయనిచ్చేవాడు.

మా ఆయన పోయాక నేను అన్నయ్య వాళ్ళ కింది వాటాలోకి మారాను. నాకు దేనికీ పెద్దగా ఏమీ అనిపించని రోజులవి. పుస్తకం తెరిచి పెట్టుకునేదాన్ని, పేజీలు తిరిగేవి. అలాంటి ఒక ఉదయం పైకి వెళ్ళేసరికి అన్నయ్య పొయ్యి మీద పొంగుతున్న పాలగిన్నెను పట్టకారు లేకుండా, గుడ్డ లేకుండా, రెండు చేతులతో దించి గట్టు మీద పెట్టాడు. మంచినీళ్ళ చెంబు దించినట్టు దించాడు. మొహంలో ఏమీ లేదు. మర్నాటికి నాలుగు వేళ్ళకూ బొబ్బలు.

"ఏమైంది?" అన్నాను.

"ఎక్కడో గీరుకుంది."

షుగరు డాక్టరు అంతకు ఆరునెలల ముందే సన్నటి నైలాను పోగుతో అరికాళ్ళూ చేతులూ పొడిచి, స్పర్శ ఉందో లేదో చూసి ఏదో కాగితం రాసిచ్చాడు. ఇంట్లో అడిగితే "అంతా అదుపులోనే ఉందన్నాడు" అన్నాడు అన్నయ్య. ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి మా వదిన. ఆవిడా నమ్మేసింది. చూపు మసకబారితే గోడలు తగులుతాయి, చెవులు పోతే పిలిచినవాళ్ళకు కోపం వస్తుంది. చేతికి వేడీ చలీ తెలియడం మానేస్తే ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ తర్వాత రెండు నెలలకు మా మేనకోడలు నెల రోజుల పిల్లను తీసుకుని వచ్చింది. వాళ్ళాయన పనిమీద దూరం వెళ్ళాడు, మూడు నెలలు ఇక్కడే ఉంటుంది. అన్నయ్య ముందురోజే వెళ్ళి నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి కొనుక్కొచ్చాడు. దాన్ని రెండుసార్లు సబ్బుతో కడిగి బోర్లించాడు. ఆ ఇంట్లో అన్నయ్యను ఎవరైనా పిలిచి చేయించుకోవడానికి ఈ ఒక్క పనే మిగిలిందని నాకప్పుడు అర్థమైంది.

మొదటిరోజు స్నానానికి తువ్వాలు పట్టుకుని నేనూ నిలబడ్డాను. వదిన గీజరు నీళ్ళూ చన్నీళ్ళూ కలిపి తొట్టి నింపింది.

"నాన్నా, చెయ్యి పెట్టు," అంది మేనకోడలు. పిల్ల తన భుజం మీద ఉంది.

అన్నయ్య చొక్కా చెయ్యి మడిచాడు. చేతి వెనకవైపు నీళ్ళలో పెట్టి, ఎప్పటిలాగే కళ్ళు మూసుకున్నాడు.

"ముప్ఫై ఏడు."

మేనకోడలు వంగింది. కింద పడ్డ సబ్బుపెట్టె తీస్తున్నట్టు నేను మోచెయ్యి తొట్టిలో ముంచాను. చురుక్కుమంది. పక్కనున్న మగ్గుతో చన్నీళ్ళు రెండుసార్లు గుమ్మరించాను.

"అత్తా! సరిగ్గా ఉన్న నీళ్ళు పాడుచేశావు!"

"చెయ్యి జారిందే."

"ఇంత కంగారు మనిషివి, మామయ్య నీతో ఎలా వేగాడో!"

అన్నయ్య మగ్గు వంక చూశాడు. నా వంక చూడలేదు.

చెప్పేయాలనే అనుకున్నాను. మెట్లు దిగేలోపే మానుకున్నాను. ఆ మధ్యాహ్నం బజారుకు వెళ్ళి, నీళ్ళ వేడి చూసే థర్మామీటరు మందుల షాపులో దొరక్కపోతే, అద్దాల తొట్లలో పెంచే చేపలమ్మే కొట్లో కొన్నాను.

"ఎన్ని చేపలండీ?" అన్నాడు కొట్టతను.

"ఒక్కటే."

"ఒక్కటే పెంచకండి, దిగులు పెట్టుకుంటుంది," అన్నాడు.

మర్నాటి నుంచి నీళ్ళు కలపడం నేనే చేస్తానన్నాను. వదిన సంతోషంగా ఒప్పుకుంది. నీళ్ళు కలిపి, థర్మామీటరు ముంచి, ముప్ఫై ఏడు దగ్గరకు తెచ్చి, దాన్ని కొంగున చుట్టుకుని బయటికొచ్చేదాన్ని. తర్వాత అన్నయ్య వచ్చేవాడు. చెయ్యి పెట్టేవాడు. "ముప్ఫై ఏడు" అనేవాడు. పన్నెండు రోజులు అలా జరిగింది. పిల్ల నీళ్ళలో కాళ్ళు కొట్టుకునేది, మేనకోడలు "తాత లెక్కంటే లెక్కే" అనేది. నాకు గర్వం లేదు, భయం లేదు. పళ్ళు తోముకోవడంలాంటి పని అది.

పదమూడో రోజు కళ్ళజోడు మార్పించుకోవడానికి వెళ్ళాను. పదకొండుకల్లా వచ్చేస్తానని, నేనొచ్చేదాకా ఆగమని చెప్పాను. అద్దాల షాపులో ఆలస్యమైంది. పిల్ల ఏడుస్తుంటే వాళ్ళు ఆగలేదు. నేను మెట్లెక్కుతుండగా మేనకోడలి నవ్వు వినిపించింది.

"నాన్నా, ఏం జోకులు నాన్నా నీవి!"

వెళ్ళి చూస్తే పిల్ల తువ్వాల్లో ఉంది, పెదాలు వణుకుతున్నాయి. వదిన చీరకుచ్చెళ్ళు తడిసి ఉన్నాయి. అన్నయ్య తొట్టి పక్కన పీటమీద కూర్చుని ఉన్నాడు.

"పొద్దున్నే కరెంటు పోయింది," వదిన నాతో చెప్పింది. "గీజరు చల్లారిపోయిందన్న సంగతి నాకు తట్టనే లేదు, కుళాయి తిప్పేశాను. ఈయన చెయ్యి పెట్టి చక్కగా ముప్ఫై ఏడన్నారు. దించితే పిల్ల కెవ్వున కేక! చూస్తే ఐసునీళ్ళు. ఏమండీ, ముసలితనంలో మీకీ వేళాకోళాలేంటి?"

"తాత జోకేశాడమ్మా, తాత జోకేశాడు," అంటూ మేనకోడలు పిల్ల వీపు రుద్దుతోంది.

అన్నయ్య మళ్ళీ తొట్టిలో చెయ్యి పెట్టాడు. ఈసారి మణికట్టు దాకా. చాలాసేపు ఉంచాడు. తర్వాత తీసి, తడి చెయ్యిని పంచెకు తుడుచుకుని, "అవును, జోకే," అన్నాడు.

భోజనాలయ్యాక కింద నా గదిలోకి వచ్చాడు. ఎప్పుడూ వచ్చే మనిషి కాదు. కుర్చీ ఉండగా గుమ్మంలో నిలబడ్డాడు.

"పన్నెండు రోజులు సరిగ్గా నడిచిన మెషీను పదమూడో రోజు చెడితే, ముందు మెషీను విప్పకూడదు. ఆరోజు ఏం మారిందో చూడాలి," అన్నాడు. "ఇవాళ మారింది నువ్వు. నువ్వు లేవు."

నేను బీరువాలోంచి థర్మామీటరు తీసి బల్లమీద పెట్టాను.

"ఇది చేపలది కదా?"

"ఆ."

కూర్చున్నాడు. దాన్ని తిప్పితిప్పి చూశాడు. తర్వాత నేను అంతకుముందెప్పుడూ వినని సంగతి చెప్పాడు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. మందుల చీటీ చదివినట్టు చెప్పాడు.

తనకు చెయ్యి పెట్టి చూడడం నేర్పింది ఓడలోని చీఫ్ ఇంజనీరు. అప్పుడు అన్నయ్యకు ఇరవై ఏడేళ్ళు. చీఫ్‌కు యాభై దాటాయి. రోజూ సాయంత్రం అయిదింటికి ఆయన స్వయంగా సొరంగంలోకి దిగి, ఆరు బేరింగుల మీదా చెయ్యి పెట్టి అంకెలు చెప్పేవాడు. వెనక నిలబడ్డ ఫిట్టరు రాసుకునేవాడు. ఆయన చెప్పిన అంకె మీద ఎదురు చెప్పే మొనగాడు ఆ ఓడలో లేడు. ఒకరోజు చీఫ్ వేడి గొట్టానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మోచెయ్యి కమిలిపోతోంది, మనిషి మాట్లాడుతూనే ఉన్నాడు. అన్నయ్య చూశాడు. తను చూశాడన్న సంగతి చీఫ్ కూడా గమనించాడు.

"ఏమన్నాడు?" అని అడిగాను.

"ఏమంటాడు? 'ఏంటలా గుడ్లప్పగించి చూస్తావు, పనిలేదా?' అన్నాడు."

మర్నాటి నుంచి అన్నయ్య నాలుగున్నరకే సొరంగంలోకి వెళ్ళేవాడు. ఆరు బేరింగులూ చూసి, ఒక్కొక్కదాని కాళ్ళ దగ్గర నేలరేకు మీద సుద్దముక్కతో అంకె వేసేవాడు. చిన్నగా, వంగినవాడికి మాత్రమే కనిపించేలా. అయిదింటికి చీఫ్ వంగి, చెయ్యి పెట్టి, కళ్ళు కిందికి వాల్చి అంకె చెప్పేవాడు. ఆయన వెళ్ళాక అన్నయ్య గుడ్డతో చెరిపేసేవాడు. ఎనిమిది నెలలు అలా నడిచింది. ఇద్దరి మధ్యా ఆ సంగతి మీద ఒక్క మాట లేదు. ఒకసారి మాత్రం చీఫ్ భోజనాల బల్ల దగ్గర, "నీ ఏడు ఒకటిలా ఉంటుందయ్యా, అందంగా రాయడం నేర్చుకో," అన్నాడట. పక్కవాళ్ళు పుస్తకంలో రాతనుకున్నారు.

"తర్వాత నాకు జ్వరం వచ్చింది," అన్నాడు అన్నయ్య. "ముందురోజు అంకెలు వేశాను. ఆయన చూసి వెళ్ళాక చెరపాలి. తల తిరిగిపోతోంది, రేపు చెరుపుదాంలే అని వెళ్ళి పడుకున్నాను. మర్నాటికి లేవలేకపోయాను. అయిదింటికి ఆయన దిగాడు. అంకెలు ఉన్నాయి. అవి ఆరోజు నేను వేసినవే అనుకున్నాడు."

"నిన్నటివి."

"నిన్నటివి. అయిదో బేరింగు కింద నలభై నాలుగని ఉంది. చెయ్యి పెట్టి నలభై నాలుగన్నాడు. అప్పటికది ఎనభై దాటి ఉంటుంది."

"వెనక ఫిట్టరు ఉన్నాడుగా? అతనికి సెగ తగల్లేదా?"

"తగిలింది. చీఫ్ నలభై నాలుగన్నాక తనకు తగిలింది తప్పనుకున్నాడు. తర్వాత నాతో అన్నాడు."

ఆరింటికి ఇంకొకరు వెళ్ళి చూసేలోపే పొగ వచ్చింది. బేరింగు లోపలి మెత్తటి లోహపు పూత కరిగి కారింది. ఇరుసు ఆపేయాల్సి వచ్చింది. ఇరుసు ఆగితే ఓడ అలలకు అడ్డం తిరుగుతుంది. మర్నాటి ఉదయం దాకా ఆ ఊగుడులోనే పై సగం విప్పి, కొత్త పూత ముక్క ఎక్కించారు. ఎక్కిస్తుండగా ఓడ ఒక పక్కకు ఒరిగింది. ఫిట్టరు కుడిచేతి వేళ్ళు రెండు కిందే ఉండిపోయాయి.

విచారణ జరిగింది. ముగ్గురు అధికారులు, ఒక బల్ల. చీఫ్ ఆరోజు బేరింగులు చూశారా అని అన్నయ్యను అడిగారు. చూశారని పుస్తకంలో ఉందన్నాడు. ఏం రాసి ఉంది? నలభై నాలుగు. మీకు ఆయన అంచనా మీద ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? ఎనిమిది నెలల్లో ఒక్క అంకె కూడా తప్పలేదన్నాడు.

"అన్నీ నిజాలే చెప్పాను చెల్లీ. ఒక్క అబద్ధం లేదు. సుద్దముక్క సంగతి వాళ్ళడగలేదు. నూనెలో నీళ్ళు కలిశాయని రాసుకుని ఫైలు మూసేశారు. బేరింగు బాగుచేసిన ఆ పొద్దున సొరంగంలోకి వెళ్ళి చూస్తే నలభై నాలుగు అలాగే ఉంది. దాని మీద అందరూ నడిచారు, నూనె ఒలికింది, అయినా ఉంది. చెరిపేశాను."

"ఆ ఫిట్టరు?"

"ఆసుపత్రికి వెళ్ళి చూశాను. 'బేరింగు చెప్తూనే ఉంది సార్, మనమే వినలేదు,' అన్నాడు. అవునన్నాను. నారింజపండు వలిచి పెట్టమన్నాడు. వలిచి పెట్టాను." థర్మామీటరును అరచేతిలో దొర్లించాడు. "అప్పుడేమీ అనిపించలేదు. ఇప్పుడూ అంతే. ఏదో అనిపించాలి కదా అని చాలాసార్లు కూర్చుని చూశాను. రాలేదు. నారింజతొక్క వాసన మాత్రం వస్తుంది."

నాకూ అలాగే ఉందనీ, మా ఆయన పోయినప్పటి నుంచీ అంతేననీ అనవచ్చు. అనలేదు.

"నేను చీఫ్ కోసం ఆ పని చేశాననుకున్నాను," అన్నాడు లేస్తూ. "ఆయనకు ఎవరైనా చెప్పాల్సింది. నేను చెప్పి ఉంటే ఆయన రెండు రోజులు నా మీద మండిపడి, మూడో రోజు దిగిపోయేవాడు. నువ్వు రేపట్నుంచి నాకంటే ముందు వెళ్ళొద్దు."

"సరే."

"అమ్మాయికి నేనే చెప్తాను. నువ్వు నోరెత్తకు."

"సరేనన్నాగా అన్నయ్యా."

థర్మామీటరు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు నీళ్ళు వదిన కలిపింది. కరెంటు ఉంది, నీళ్ళ మీద సన్నగా ఆవిరి ఆడుతోంది. మేనకోడలు పిల్లను ఎత్తుకుని "నాన్నా, చెయ్యి పెట్టు. ఇవాళ జోకులొద్దు," అంది.

అన్నయ్య చొక్కా చెయ్యి మడవలేదు. ఆ థర్మామీటరుకు తెల్లదారం కట్టి తెచ్చాడు. దాన్ని కూతురికి అందించాడు.

"నా చేతికి తెలియడం లేదమ్మా. ఏడాది అవుతోంది. నిన్నటిది జోకు కాదు."

వదిన కుళాయి కట్టేసింది. మేనకోడలు తండ్రి చేతిని చూసి, నా వంక చూసింది. ఆ మొదటిరోజు మగ్గు నీళ్ళు గుర్తొచ్చి ఉంటాయి. పిల్లను తొట్టికి దూరంగా జరిపింది.

"ఏడాది నుంచీనా? డాక్టరు అదుపులోనే ఉందన్నాడని నాతో..." అని వదిన మొదలుపెట్టింది.

"తర్వాత తిట్టు. ముందు ఇది కానీ," అన్నాడు అన్నయ్య. కూతురి వైపు తిరిగాడు. "ఓడలో ఒక పద్ధతుంది. డ్యూటీ దిగేవాడు ఎక్కేవాడికి అన్నీ చెప్పాలి. ఎక్కేవాడు వినేసి తలూపితే చాలదు. వెళ్ళి తనే ముట్టుకుని చూసి, తీసుకున్నానని పైకి అనాలి. ఆ మాట అనేదాకా మొదటివాడు కదలకూడదు. పిల్లను అత్తకివ్వు. చూడు."

పిల్ల నా చేతుల్లోకి వచ్చింది. మేనకోడలు మోచెయ్యి ముంచింది.

"వేడిగా ఉన్నాయి."

"వేడంటే అంకె కాదు."

దారం పట్టుకుని థర్మామీటరు దించింది. అందరం ఆ ఎర్రగీతను చూస్తూ నిలబడ్డాం.

"నలభై మూడు, నాన్నా."

"నేనైతే ముప్ఫై ఏడనేవాణ్ణి," అన్నాడు అన్నయ్య.

మేనకోడలు చన్నీళ్ళు పోసింది, కలిపింది, చూసింది, మళ్ళీ పోసింది. ముప్ఫై ఏడుకొచ్చేదాకా అన్నయ్య గోడకానుకుని నిలబడే ఉన్నాడు.

"తీసుకున్నావా?"

"తీసుకున్నాను," అంది. తొట్టిలోకి చూస్తూ, మెల్లగా.

"పైకి చెప్పాలి."

"తీసుకున్నాను నాన్నా. నువ్వు దిగు."

దిగాడు. అంటే స్నానాలగదిలోంచి వసారాలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆరోజే వదిన తనే వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. దారి పొడుగునా తిట్టిందట. పట్టకారును పొయ్యి పక్కన మేకుకు తగిలించింది, కనబడేలా. ఆ మేకు ఇప్పటికీ ఉంది.

అవన్నీ సాయంత్రం సంగతులు. స్నానం కాగానే మాత్రం పిల్లను తువ్వాల్లో చుట్టి తెచ్చి అన్నయ్య ఒళ్ళో పెట్టాను. రెండు చేతులతో పట్టుకున్నాడు. వేళ్ళకు తెలియదు కాబట్టి, ఎంత గట్టిగా పట్టుకున్నాడో కళ్ళతో చూసుకుంటూ పట్టుకున్నాడు.

"ఒళ్ళు వెచ్చగా ఉందా దీనికి?" అని అడిగాడు.

ఉందని నోటిదాకా వచ్చింది. అనలేదు. చేతి వెనకవైపు పిల్ల వీపుకు ఆనించి, అయిదు లెక్కపెట్టేదాకా ఉంచాను. ఉంచాకే చెప్పాను.